పెద్దమ్మ చప్పిడి ముక్కు లారీ

పెద్దమ్మ పోయిన సంగతి మాకు మిస్త్రీ ఫోన్ చేసి చెప్పాడు. మిస్త్రీ అంటే ఆమె లారీని బాగుచేసిన మెకానిక్కు. నేను తుర్కయాంజాల్ బడిలో పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. "అక్కా, పొద్దుగాల ఫోన్ జేసి ఇంజన్ ఆయిల్ కారుతున్నదని తిట్టరాని తిట్లు తిట్టింది. సరే పెద్దమ్మా, పగటాల్ల వస్తా అన్న. వచ్చి జూస్తే గడపల కూసున్న మనిషి కూసున్నట్టే ఉన్నది" అన్నాడు. ఆ తర్వాత ముక్కు చీదుకున్నాడు. చివరికి, "నిజంగనే కారుతున్నదక్కా ఆయిల్" అన్నాడు. ఏడుస్తూ ఏడుస్తూనే నవ్వేశాను. స్టాఫ్ రూములో అందరూ నా వైపు చూశారు.

ఆమె మా బాపుకు వదిన, అంటే మా పెద్దనాయన భార్య. ఇబ్రహీంపట్నంలో మా ఇల్లూ వాళ్ల ఇల్లూ గోడకు గోడ. పిల్లలు లేరు కాబట్టి వాడకట్టులో అందరి పిల్లలనూ తిట్టే హక్కు తనకే ఉందనుకునేది. ఆ తిట్లు తిన్నవాళ్లలో ఒకడు లాయరయ్యాడు, నలుగురైదుగురు ప్లాట్ల బ్రోకర్లయ్యారు, నేను టీచర్నయ్యాను. ఆమె ముందు మాత్రం ఎవరికీ చివరిదాకా నోరు లేవలేదు.

లారీ పెద్దనాయనది. ఇప్పటి పిల్లలు అలాంటిది చూసి ఉండరు. ముందుకు పొడుచుకొచ్చే ముక్కు ఉండదు, మొహం తడక కొట్టినట్టు చదునుగా ఉంటుంది. డ్రైవరు గది ఇంజను నెత్తినెక్కి కూర్చుంటుంది. ఇంజను ఆ గదిలోనే, డ్రైవరు సీటుకూ క్లీనరు సీటుకూ నడుమ, ఒక ఇనుప మూత కింద ఉంటుంది. మా ఊళ్లో దాన్ని చప్పిడి ముక్కు లారీ అనేవాళ్లు. కొత్త లారీలొచ్చాక దానికి కిరాయిలు తగ్గి, వాళ్ల చెలక గట్టున నిలబడిపోయింది. పెద్దనాయనది మెత్తని మనసు. ఎవరేమడిగినా "తీస్కపోరాదు" అనేవాడు. అలా తలుపులు పోయాయి, అద్దం పోయింది, ముందరి ఇనుప జాలీ పోయింది. ఆయన పోయేనాటికి లారీ అస్థిపంజరం మిగిలింది.

ఆయన ఏడాది మాసికం అయిన మర్నాడు పెద్దమ్మ నన్ను పిలిచి, "స్కూటీ తియ్యి. లారీని లేపుదాం" అంది. ఊళ్లో అందరికీ గుండె కరిగింది. మా బాపయితే కండువాతో కళ్లొత్తుకుని, "అన్న యాది కోసం వదిన ఎంత తండ్లాడుతున్నదో" అన్నాడు. అది ఆమె చెవిన పడింది.

"యాది లేదు, గీది లేదు. పంతం!" అంది.

పంతం సంగతి ఇది. ఆమె పుట్టిల్లు మన్నెగూడ. పెళ్లయిన కొత్తలో పండక్కీ పబ్బానికీ పెద్దనాయన ఆమెను లారీలోనే దింపేవాడు. ముందు గదిలో మాత్రం కాదు, వెనక కంది బస్తాల మీద. ముందు సీట్లో క్లీనరు దర్జాగా కూర్చునేవాడు. "కట్టుకున్న పెండ్లాం బస్తాల మీద, క్లీనర్ ముందటనా?" అని ఆమె అడిగితే, "ఆడోళ్లు ఇంజన్ పక్కకు కూసుంటే బండికి అచ్చిరాదు" అనేవాడట. మన్నెగూడలో ఆమె తమ్ముడు నిచ్చెన వేసి దింపేవాడు. తమ్ముడి భార్య ఆమె తలలోంచి కంది పొట్టు ఏరుతూ, "వదినను సరుకుతోపాటే దింపిండ్రు" అని వాకిట్లో అందరికీ వినబడేలా నవ్వేది. ఆ నవ్వు పెద్దమ్మ మరిచిపోలేదు. బతికుండగా ఒక్కసారి ముందు గదిలో కూర్చుని పుట్టింటికి పోవాలి, పుట్టింటి గల్లీలో తన చేత్తో స్టీరింగ్ తిప్పాలి. ఆమెకు కావలసింది ఇంతే. దీనికోసం మమ్మల్నందరినీ రెండేళ్లు పరుగులు పెట్టించింది.

మిస్త్రీ లారీ చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, "పెద్దమ్మా, దీని సామాను దునియల యాడ దొరకది" అన్నాడు. ఆమె నిశ్చింతగా, "ఇనుము యాడికి పోతది? ఎవరింట్లనో ఉంటది" అంది. ఎవరు ఏం పట్టుకుపోయారో, ఆరోజు ఏ రంగు చొక్కా వేసుకున్నారో కూడా ఆమెకు గుర్తే.

మొదటి దాడి మా ఇంటి మీదే జరిగింది. డ్రైవరు పక్క తలుపు మా బాత్రూముకు తలుపు. కిటికీ ఉండాల్సిన చోట బాపు రేకు కొట్టాడు, లోపల ఒక గొళ్లెం పెట్టాడు. పొట్టి తలుపు కావడంతో స్నానం చేసేవాళ్ల తలకాయ పైనుంచి కనబడుతుండేది. ఎవరైనా అటు వస్తుంటే "లోపట మనిషున్నది!" అని అరవడం మా ఇంటి అలవాటు. పెద్దమ్మ మిస్త్రీని, స్క్రూడ్రైవర్‌ను వెంటబెట్టుకొచ్చేసరికి బాపు మొహం నిండా సబ్బు రాసుకుని ఉన్నాడు.

"ఏం మరిదీ, తలుపు కావాలె."

"వదినా! తానం జేస్తున్న!"

"చెయ్యి. వద్దన్ననా? కింది బందులు నువ్వు మొగం కడుక్కునేలోపు ఊడుతయి."

ఊడాయి. బాపు అమ్మ అందించిన బొంత కప్పుకుని బయటికి రావాల్సి వచ్చింది. మర్నాడే పెద్దమ్మ దగ్గరుండి మా బాత్రూముకు నిలువెత్తు కొత్త తలుపు పెట్టించింది. మా అమ్మ అయితే ఇప్పటికీ ఆమె పేరు చెప్పి దండం పెడుతుంది.

ముందు అద్దం బస్టాండు దగ్గర మిర్చి బజ్జీల బండికి అడ్డంగా ఉంది. బండివాడు ఇవ్వనన్నాడు. పెద్దమ్మ గొడవపడలేదు. రోజూ సాయంత్రం వెళ్లి అక్కడ బజ్జీలు తింటూ, వచ్చిన గిరాకీకల్లా "మంచిగున్నయి బిడ్డా, గా అద్దం మా ఆయనది" అని చెప్పింది. వారం తిరక్కుండా వాడే కొత్త అద్దం కోయించుకుని పాతదాన్ని మోసుకొచ్చి ఇచ్చాడు. మొదటి వానకి దాని మీద చుక్క నీరు నిలవలేదు, అంత నూనె పట్టి ఉంది.

ఊళ్లో దొరకనివాటికి పట్నంలో పాత ఇనుము దుకాణాలన్నీ నా స్కూటీ మీద తిరిగాం. ఒకరోజు స్టీరింగ్ చక్రం దొరికింది. దాన్ని పట్టుకోవడం కుదరక పెద్దమ్మ మెడలో వేసుకుని కూర్చుంది. దారిలో పోలీసాయన ఆపాడు.

"ఏందమ్మా ఇది?"

"స్టీరింగు."

"మరి బండేది?"

"ఎనక వస్తున్నది సార్, జర ఆలస్యమైతది."

ఆయన నిజంగానే వెనక్కి తిరిగి చూశాడు. మేం వచ్చేశాం.

అన్నిటికన్నా కష్టమైంది ఇంజను మూత. అది లేకపోతే పొగంతా గదిలోకే వస్తుంది. కొంగరకలాన్‌లో ఒక ముసలవ్వ దాన్ని బోర్లించి కోళ్లగూడు చేసుకుందని తెలిసి వెళ్లాం. అవ్వ మంచిది, తీసుకుపొమ్మంది. మూత ఎత్తబోతే లోపల ఒక కోడి గుడ్లు పొదుగుతూ కూర్చుని ఉంది. పెద్దమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది. కలెక్టరొచ్చినా ఆగని మనిషి, ఆ కోడికి ఆగింది. పిల్లలు బయటికొచ్చేదాకా మూత ముట్టేది లేదంది. మిస్త్రీ తల పట్టుకుని, "కోడి కోసం లారీ ఆగిందని నేనెవరికి చెప్పుకోవాలె?" అన్నాడు. ఆదివారం ఆదివారం నూకలు పట్టుకుని కోడిని చూడ్డానికి పోయేవాళ్లం. అక్కడి పొలాల్లో అప్పుడే ప్లాట్ల రాళ్లు పాతుతున్నారు. మమ్మల్ని చూసి, ప్లాటు కోసం తిరుగుతున్నామనుకుని ఒక ఏజెంటు ప్రతిసారీ మంచినీళ్లు ఇచ్చేవాడు.

చివరికి లారీ లేచింది. పూజ పెట్టారు, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టారు. అప్పుడు మొదలైంది అసలు గొడవ. భర్త పోయిన మనిషి ముందుగా సీటెక్కకూడదని, ఇంటి మగవాడు ఎక్కాలని కులపెద్ద ఒకాయన తేల్చాడు. బాపు కొత్త లుంగీ కట్టుకుని వచ్చేసరికి పెద్దమ్మ డ్రైవరు సీట్లో కూర్చుని ఉంది. క్లీనరు పక్క తలుపు తుప్పు పట్టి ఎలాగూ తెరుచుకోదు. డ్రైవరు పక్క తలుపుకు మా బాత్రూము గొళ్లెం అలాగే ఉంది, అది లోపలినుంచి పడి ఉంది.

"వదినా, గొళ్లెం తియ్యి. అందరు నిలవడ్డరు" అన్నాడు బాపు.

"లోపట మనిషున్నది!" అంది పెద్దమ్మ.

జనం గొల్లుమన్నారు. కులపెద్ద కూడా నవ్వాపుకోలేక కొబ్బరికాయ పక్కనున్నవాడి చేతిలో పెట్టాడు. ఆమెను సీట్లోనే ఉంచి పూజ జరిపించారు. ఆ రోజు నేను ఎంత గర్వపడ్డానో చెప్పలేను.

డ్రైవింగ్ నేర్చుకోవడానికి హైదరాబాదు పెరుగుదల ఆమెకు కలిసొచ్చింది. మా ఊరి చుట్టూ చెలకలన్నీ వెంచర్లయ్యాయి. పెద్ద కమాను, నున్నని తారు రోడ్లు, రాళ్లకు రంగులు, మనిషన్నవాడు లేడు. ఆ రోడ్ల మీద ఆమె చప్పిడి ముక్కు లారీని చక్కర్లు కొట్టిస్తుంటే, మిస్త్రీ పక్కన ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకుని కూర్చునేవాడు. పట్నం నుంచి వచ్చిన కొనుగోలుదార్లు ఆ లారీ ఏమిటని అడిగితే, అక్కడి ఏజెంటు తడుముకోకుండా, "ఇల్లు కట్టుడు జోరుగ నడుస్తున్నది సార్, సామాన్ల బండి" అనేవాడు. కొన్నాళ్లకు వాడే వచ్చి, "పెద్దమ్మా, ఆదివారం పార్టీలు వస్తరు. జర రెండు రౌండ్లు ఎక్కువ కొట్టు" అని బతిమాలుకున్నాడు. డీజిల్ వాడితో పోయించుకుంది.

ఎండాకాలం ఒక రోజు మన్నెగూడ బయల్దేరాం. సాగర్ రోడ్డు మీద మిస్త్రీ నడిపాడు, ఆమె పక్క సీట్లో నిటారుగా కూర్చుంది, నేను వెనక స్కూటీ మీద వచ్చాను. గల్లీ మొదట్లో ఇద్దరూ సీట్లు మారారు. నడిచేవాళ్లు దాటిపోయేంత వేగంతో, చెయ్యి హారన్ మీంచి తీయకుండా ఆమె పుట్టింటి ముందు లారీని ఆపింది. తమ్ముడు, తమ్ముడి భార్య, ఎదురు అపార్ట్‌మెంట్‌లో కిరాయికున్నవాళ్లు అందరూ బయటికొచ్చారు. పెద్దమ్మ దిగీ దిగడంతోనే మరదలి ముందు తల వంచి, "చూడు, కంది పొట్టు ఉన్నదా?" అంది. ఆమె పళ్లు లేని నోటితో నవ్వి, పెద్దమ్మను గట్టిగా పట్టుకుంది.

భోజనం దగ్గర పెద్దమ్మ ఎందుకో మాట్లాడలేదు. తిరిగి బయల్దేరేటప్పుడూ అంతే. సంతోషం ఎక్కువై అలా ఉందనుకున్నాను.

ఆమె పోయిన రోజు వచ్చినవాళ్లందరూ కోడినీ, బాత్రూము తలుపునూ తలుచుకుని నవ్వుతూ ఏడ్చారు. నేనూ నవ్వాను. ఆమె వెంట తిరిగిన ఆ రెండేళ్లలో నవ్వినంత నా జీవితంలో ఎప్పుడూ నవ్వలేదు. దానికి ఆమెకు రుణపడి ఉంటాను. కానీ మన్నెగూడ నుంచి వచ్చిన ఆ సాయంత్రం సంగతి నేనెవరికీ చెప్పలేదు.

లారీ దిగగానే ఆమె అరుగు మీద కూలబడి, "బకెట్ల నీళ్లు తే బిడ్డా" అంది. చీర పైకి తీస్తే కుడికాలు మడమ నుంచి మోకాలి దాకా కందిపోయి ఉంది. పక్క సీట్లో కూర్చుంటే ఇంజను వైపుండేది ఆ కాలే. దాని వేడి. మూత ఉన్నా, దాని మీద గోనెసంచులు పరిచినా, రానూపోనూ ఆ ఒక్క ప్రయాణానికే అలా అయింది. కాలు నీళ్లలో పెట్టింది.

"మీ పెద్దనాయన ఇంటికొచ్చుడు వచ్చుడే ఎడమకాలు బకెట్ల పెట్టి కూసునేటోడు" అంది. "దొర యేషాలు అనుకునేదాన్ని. బకెట్ తెచ్చి ధన్‌మని ముందట పడేసేదాన్ని. ఎందుకని ఒక్కనాడు అడగలే. ఆయన గూడ చెప్పలే."

ఆమె ఏడవడం నేను చూడటం అదే మొదలు. కొంగుతో మొహం తుడుచుకుని వెంటనే కోపం తెచ్చుకుంది.

"గీ పొయ్యి పక్కకు నా కాలు కాలుతదనే కూసోనియ్యలేదో, లేకుంటె నిజంగనే అచ్చిరాదనుకున్నడో! అడుగుదామంటె మనిషి లేడు. చెప్తే నోరు పడిపోతుండెనా ఆయనకు? ఒక్కసారన్న కూసోవెట్టుకుంటె నాక్కూడ తెలుస్తుండె గద!"

నేను చెంబుతో నీళ్లు పోస్తూ కూర్చున్నాను. కాసేపటికి ఆమె అరుగు మీద ఎడమవైపుకు జరిగింది. బకెట్‌లో తన కుడికాలిని కూడా ఎడమ అంచుకు జరిపి, ఇంకొకరి కాలు పట్టేంత చోటు ఖాళీగా వదిలి, చీకటి పడేదాకా అలాగే కూర్చుంది.