కుడి పక్క ఒక పట్టీ ఎక్కువ

ఆడదానికి బండి కమాన్లతో ఏం పని అని అడిగినవాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్లలో ఒక్కరికీ నేను సమాధానం చెప్పలేదు. కారు కింద దూరి, కాళ్లు మాత్రం బయటికి కనిపించేలా పడుకుని నా పని చేసుకునేదాన్ని. కాళ్లతో ఎంతసేపని మాట్లాడతారు? విసుగు పుట్టి వెళ్లిపోయేవారు.

డెబ్భైల మొదటి సంగతి ఇది. మా నాన్న పట్నంలో ఒక జాగీర్దారు ఇంట్లో డ్రైవరు. ఆ కుటుంబం ఊరొదిలి వెళ్తూ, నాన్న పదిహేనేళ్లు తోలిన అమెరికా కారును ఆయనకే వదిలేసింది. ఎనిమిది సిలిండర్ల ఇంజన్, పడవంత బాడీ. నాకు తోలడం నేర్పింది నాన్నే, ఆ కారు మీదే. ఆయన పోయాక అది అన్నకూ నాకూ ఉమ్మడిగా మిగిలింది. అన్నకు నిజాంపేటలో ద్రాక్షతోట ఉంది. అక్కడికి కరెంటు ఇంకా రాలేదు, బావి దగ్గరున్న ఆయిల్ ఇంజన్ మూలపడింది. కారు ఇంజన్ దించి పంపుకు బిగిస్తే తోట బతుకుతుందని అన్న ఆలోచన.

నేను సనత్‌నగర్‌లో ఒక ఫ్యాక్టరీ డ్రాయింగ్ ఆఫీసులో ట్రేసర్‌ని. ఇంకొకరు గీసిన బొమ్మ మీద పల్చటి కాగితం పరిచి అదే బొమ్మను సిరాతో మళ్లీ గీయడం నా ఉద్యోగం. ఆ గీతల్లో ఏది దేన్ని నెడుతుందో, ఏది ఎక్కడ వంగుతుందో నాకు అర్థమవుతుందని ఆఫీసులో ఎవరూ అనుకోలేదు. నేనూ చెప్పలేదు.

"అన్నా, గిది పంపు ఇంజన్ కాదు," అన్నాను ఒకరోజు.

"మరేంది? బండిని ఇంట్ల పెట్టి పూజ చేస్తవా?"

"ఉరికిస్త. కొండాపూర్ పందెంల గెలుస్త."

అన్న పడీ పడీ నవ్వాడు. నాకు ఒళ్లు మండింది. "గెలిస్తే నువ్వు బండి ముట్టొద్దు. ఓడితే ఇంజన్ నా చేతులతోనే దించి ఇస్త," అనేశాను. అన్న నవ్వు ఆపి నా ముఖంలోకి చూశాడు. "నెల దినాలు టైమిస్తున్న. ఇగ మల్ల ఏడ్వొద్దు," అన్నాడు.

ఇప్పుడు కొండాపూర్‌లో ఆకాశం కనబడాలంటే మెడ వెనక్కి విరుచుకోవాలి. అప్పుడు అంతా బండరాళ్లూ సీతాఫలం పొదలే. ఊరు దాటాక ఒక తిన్నటి రోడ్డు ఉండేది. ఆదివారం పొద్దున్నే పట్నం కుర్రకారు అక్కడికి కార్లు తెచ్చి పావు మైలు పందేలు ఆడేవారు. మొదట ఒకటి, చివర ఒకటి సున్నపు గీతలు, ఊపడానికి ఒక ఎర్ర రుమాలు. మూడు పరుగుల్లో రెండు గెలిచినవారిది పందెం.

మా కారుకు బలం లేక కాదు, ఆ బలం నేలకు అందక ఇబ్బంది. ఆగి ఉన్న కారును ఒక్కసారిగా ఉరికిస్తే వెనక భాగం దడదడా ఎగిరేది. వెనక ఇరుసును మోసే కమాన్లు, అంటే ఒకదాని మీద ఒకటి పేర్చి బిగించిన ఉక్కు పట్టీలు, ఆ ఊపుకు మెలితిరిగి మళ్లీ విదిలించుకునేవి. దానికి మందు నాకు దొరికింది. కమాన్ల ముందు సగాన్ని క్లాంపులతో గట్టిగా బిగించి, వెనక సగాన్ని వదులుగా వదలాలి.

రెండోది అంత సులువుగా దొరకలేదు. ఒకరోజు కారు దిగి వెనక్కి నడిచి రోడ్డు చూస్తే నల్లటి గీత ఒక్కటే పడి ఉంది, కుడి చక్రానిది. ఇంజన్ తిప్పే తిప్పుడుకు ఇరుసు కుడి కొస పైకి లేచిపోతోంది. బరువు లేని కుడి చక్రం ఉత్తగా గిర్రున తిరుగుతోంది, ఎడమది ఊరికే ఉంటోంది. కాబట్టి కుడి చక్రాన్ని నేలకు అదిమి ఉంచేలా కుడి కమానుకు ముందువైపు ఒక పట్టీ ఎక్కువ వెయ్యాలి. ఆ కిటుకు నాకు తట్టినప్పుడు ఆఫీసులో అందరినీ పిలిచి చెప్పాలనిపించింది. పిలవలేదు.

మూసాపేటలో లారీల కమాన్లు చేసే ముసలాయన ఒకాయన ఉండేవాడు. అందరికీ చాచా. అప్పటి తారు రోడ్లు ఒక్క బండి పట్టేంతే. ఎదురుగా ఇంకోటి వస్తే ఎడమ చక్రాలు మట్టిలోకి దింపి దారివ్వాలి. దిగీ దిగీ ఎడమ కమాన్లే ముందు కుంగేవి. అందుకని మా వైపు కమాన్ల పనివాళ్లు అడక్కుండానే ఎడమకు ఒక పట్టీ ఎక్కువ వేసేవారు. నేను కుడికి వెయ్యమనేసరికి చాచా నోరు తెరిచాడు. బొమ్మ గీసి చూపించాను. బొమ్మ చూడలేదు, నన్నే చూశాడు. చివరికి, "సరే బిడ్డా, నీ ఇష్టం," అన్నాడు.

పందెం ముందురోజు నాకు ఆఫీసులో పని ఎక్కువై, కారు చాచా కొలిమి దగ్గరే వదిలేశాను. ఆదివారం పొద్దున వెళ్లి, ఆయన్ని కూడా ఎక్కించుకుని తిన్నగా కొండాపూర్ వచ్చేశాను. కారు కిందికి వంగి చూడలేదు. అది నా తప్పు.

అన్న అప్పటికే వచ్చి ఉన్నాడు, ఇంజన్ ఎత్తే గొలుసుతో సహా. నాతో పందేనికి దిగింది కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన ఒక కాంట్రాక్టరు గారబ్బాయి, తెల్ల కారుతో. రుమాలు ఊగింది. కారు ఈసారి ఎగరలేదు. కానీ కుడి చక్రం మళ్లీ గిర్రున తిరిగి, వెనక భాగం పక్కకు కొట్టుకుపోయింది. తెల్ల కారు ముందు చేరింది. దిగి చూస్తే మళ్లీ ఒక్కటే గీత. కారు కింద దూరి పట్టీలు లెక్కపెట్టాను. ఎక్కువ పట్టీ ఎడమకుంది.

"చాచా! నేనేం చెప్పిన, నువ్వేం చేసినవ్?"

"కుడికేస్తే బండి ఒరుగుతది బిడ్డా. నువ్వు పడతవని ఫికరైంది. నలభై ఏండ్ల సంది ఎడమకే వేస్తున్న."

"పడితే పడేది నేను! గీ బండి ఎవ్వరికీ దారియ్యదు చాచా. రోడ్డు దిగదు. తియ్యి, కుడికెయ్యి."

నా గొంతు ఎంత లేచిందో నాకే తెలియదు. ఆయన పానాలు తీశాడు. ఎండ ముదిరేదాకా ఆగుతామని పందెంవాళ్లు ఒప్పుకున్నారు, చోద్యం చూడ్డానికి. చీర కుచ్చిళ్లు దోపుకుని కింద పడుకున్నాను. జాకీ ఎత్తి, పక్కనున్న రాళ్లే ఆసరా పెట్టి, బోల్టులు విప్పి, పట్టీ ఇటు మార్చి మళ్లీ బిగించాం. చుట్టూ ఇరవై మంది నవ్వుతున్నారు. నవ్వనీ అనుకున్నాను. పైకి లేచేసరికి కారు కుడివైపు ఎత్తుగా, వంకరగా నిలబడి ఉంది. నవ్వులు ఇంకా పెరిగాయి.

రెండో పరుగులో తెల్ల కారు నాకు అద్దంలోనే కనిపించింది. మూడో పరుగులోనూ అంతే. సంతోషంతో గట్టిగా అరిచాను, కారులో ఒక్కదాన్నే.

వెనక్కి వచ్చేసరికి తెల్ల కారు అబ్బాయి అభ్యంతరం పెట్టాడు. "ఇది చెల్లదండి. రెండు పక్కలా కమాన్లు సమానంగా లేని బండిని ఎలా ఒప్పుకుంటామండీ?" అని, అన్న వైపు తిరిగాడు. "మీ ఇద్దరి మధ్య ఏదో మాట ఉందటగా. మీరు చెల్లదంటే చెల్లదండి."

చెల్లదని ఒక్క ముక్క అంటే చాలు, అన్నకు ఇంజన్ దక్కుతుంది, తోట దక్కుతుంది. నేను బతిమాలలేదు. చూపు కూడా దించలేదు. అన్న నడుచుకుంటూ వెళ్లి బయల్దేరే చోట రోడ్డు చూసి వచ్చాడు.

"రెండు చక్రాలకు రెండు గీతలు పడ్డయి, సమానంగ. మా చెల్లె గెలిచింది," అన్నాడు. గొలుసు భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

ఆ వేసవిలో తోట సగానికి పైగా ఎండిపోయింది. వదిన నాతో మాట మానేసింది. బంధువులందరూ నన్నే తిట్టారు. ఒక ఆదివారం కారేసుకుని తోటకు వెళ్లాను. పందిళ్ల మీద తీగలు కట్టెలై వేలాడుతున్నాయి. అన్న వాటిని కోసి కుప్ప పోస్తున్నాడు.

"రంది పడుతున్నవా?" అని అడిగాడు, నా వైపు తిరక్కుండానే.

"తోట పోయినందుకు బాధ పడుతున్న. గెలిచినందుకు మాత్రం లేదు అన్నా," అన్నాను. ఆయన్ని ఊరడించడానికైనా అబద్ధం చెప్పడం నా వల్ల కాలేదు.

అన్న చేతిలో ఉన్న తీగల్ని కుప్ప మీదికి విసిరాడు. తర్వాత గుడిసెలోంచి ఇంకో కొడవలి తెచ్చి నా చేతికిచ్చాడు. పొద్దు వాలేదాకా ఇద్దరం పక్కపక్కనే తీగలు కోశాం.