మునసబు గురక

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్త. నాకు పదిహేడేళ్లు. ఐదో తరగతితో చదువు ఆపాను గానీ నోరు ఆపలేదు. కొత్త పంట కానుకివ్వడానికి ఆళ్లగడ్డ నుంచి నంద్యాల పెద్ద చర్చికి గూడు బండిలో బయలుదేరాం. వంటా పడకా బండిలోనే. నేను తోలుతున్నాను, నాయన లోపల గురక పెడుతున్నాడు.

చీకటి పడ్డాక దారిలో నలుగురు కట్టెలతో అడ్డం నిలబడ్డారు.

"లోపలెవురప్పా?"

"మా ఊరి మునసబు" అన్నాను, తమాషాకు.

ఏదో పాత పగతో వాళ్లు కాచుకున్నది మా మునసబు కోసమేనట. నాయనను కాళ్లు పట్టి కిందికి లాగి కొట్టారు. చెయ్యి విరిగిన చప్పుడు నాకు వినిపించింది.

"అబద్ధం చెప్తినన్నా, మా నాయనన్నా" అంటూ మీద పడ్డాను. నా తలా పగిలింది. అప్పుడొకడు బండి లాంతరు ఎత్తి నాయన ముఖం చూసి, "యాడి మునసబురా" అని కట్టె దించాడు.

కట్లు కట్టించుకొని చర్చికి చేరాం. నేను మోకరించగానే నాయన, "మనసులో చేసుకోరా ప్రార్థన. నోరు తెరవాకు" అన్నాడు.

తమాషాలు ఇప్పటికీ మానలేదు. లోపలెవరని అడిగితే మాత్రం నిజమే చెబుతాను.