కేశవులు కొట్టి చూసిన యుద్ధసుత్తి

కేశవులు కొట్టి చూడనిదే దేన్నీ నమ్మడు. రాయచూరులో తీన్‌కందీల్ దగ్గర ఇనుప సామాన్ల దుకాణం పెట్టి నలభై ఏళ్ళయింది. ఈ నలభై ఏళ్ళలో ఆయన వేలి కణుపు తగలని వస్తువు ఆ బజారులో లేదు. కొబ్బరికాయను అందరూ కొట్టి చూస్తారు, కుండనూ చూస్తారు. కేశవులు మాత్రం బ్యాంకు బల్లనూ, ఎక్కబోయే బస్సు రేకునూ, డాక్టరు మంచాన్నీ కూడా కొట్టి, చెవి ఒగ్గి విని, తనలో తాను తలూపుకుంటేనే ముందుకు కదులుతాడు. ఒకసారి డాక్టరు ఆయన వీపు మీద వేళ్ళతో తట్టి చూస్తుంటే, "సప్పుడు ఎట్లున్నది సార్? బోలుగున్నదా?" అని ఆత్రంగా అడిగాడు.

ఈ సంగతి సత్యభామకు పెళ్ళిచూపుల నాడే తెలిసింది. ఆమె తల వంచుకుని కొత్త స్టీలు గ్లాసులో చాయ్ అందిస్తే, పెళ్ళికొడుకు ఆమె మొహం చూడకుండా గ్లాసును టంగుమని కొట్టాడు. "రేకు పల్చన. కంపెనీవాడు మోసం చేసిండు మామా" అన్నాడు. ఆ గ్లాసులు ముందు రోజే కొన్న పిల్ల తండ్రి గతుక్కుమని, "గ్లాసు సంగతి ఎట్లున్నా, పిల్ల గట్టిది బాబూ" అన్నాడు. పిల్ల నిజంగానే గట్టిది. ముప్పై ఎనిమిదేళ్ళుగా ఆయనతో కాపురం చేస్తోంది.

ఫ్రిజ్ కొనడానికి వెళ్ళిన రోజును మాత్రం ఆమె ఇప్పటికీ మరిచిపోలేదు. షోరూములో వరసగా నిలబెట్టిన పద్నాలుగు ఫ్రిజ్‌లనూ కేశవులు కొట్టుకుంటూ పోయి, చివరిదాని దగ్గర ఆగి, బజారంతా వినపడేలా "ఇది ఫ్రిజ్ కాదు, రంగేసిన డబ్బా!" అని తీర్పు చెప్పాడు. బేరమాడుతున్న ముగ్గురు లేచి వెళ్ళిపోయారు. షోరూము యజమాని చేతులు జోడించి, "సావ్కార్, మీకు దండం పెడ్త. చాయ్ తాగి దయచెయ్యండి" అన్నాడు. చాయ్ వచ్చింది. కేశవులు కప్పును కొట్టి చూశాడు. అప్పటినుంచి సత్యభామ బజారులో ఆయనకు పదడుగులు వెనక, ఎవరో తెలియనట్టు నడుస్తుంది.

అలాంటి మనిషి దగ్గరికి ఒక ఆదివారం పొద్దున అంబుజ తువ్వాలులో చుట్టి ఏదో పట్టుకొచ్చింది. అంబుజ పక్క వీధిలో ఉంటుంది. కాలువ కింద వరి పండించుకోవడానికి కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ వాళ్ళ పిల్ల. ఊళ్ళో ఒక కాలేజీలో చరిత్ర చెబుతుంది.

"బాబాయిగారూ, మా కాలేజీలో పాతకాలపు ఆయుధాల గది పెడుతున్నామండి. అసలైనవి ఎక్కడ దొరుకుతాయి? బొమ్మలు చూపించి నకళ్ళు చేయిస్తున్నాం. ఇది మొదటిది. మీరు బాగుందంటే మిగిలిన ఇరవై ఈటెలూ గొడ్డళ్ళూ కూడా ఇది చేసినాయనకే ఇస్తామన్నారు మా ప్రిన్సిపాల్ గారు."

తువ్వాలు విప్పింది. మూరన్నర కర్ర, దాని కొసన ఇనుప తల. తలకు ఒక పక్క సుత్తి మొహం, ఇంకో పక్క చిలకముక్కులా వంగిన కొక్కెం, నెత్తిన చిన్న ములుకు.

సత్యభామ రెండడుగులు వెనక్కి వేసింది. "ఏందమ్మా ఇది?"

"యుద్ధసుత్తి, పిన్నిగారూ. ఒంటినిండా ఇనుప తొడుగు వేసుకుని గుర్రమెక్కి వచ్చేవాడి మీద కత్తి జారిపోతుందండి. అందుకని దీంతో టోపీ మీద కొట్టేవారు. టోపీ సొట్టపడితే లోపలి తల సంగతి చెప్పక్కర్లేదుగా!"

కేశవులు అప్పటికే దాన్ని అరచేతిలో ఆడిస్తున్నాడు. "కిలోన్నర ఉంటది."

"అదేనండి భయం. మా ప్రిన్సిపాల్ గారు, సినిమాల్లో ఇంతింత ఉంటాయి, పది కిలోలైనా ఉండొద్దా అంటున్నారు."

"పది కిలోలది ఎత్తితే ఎత్తినోడే ముందు పడ్తడు. బరువు ఖరాబు లేదు. ఎవరు చేసిన్రు?"

"కల్లూరు హుసేనప్ప గారండి."

కేశవులు వేలు సుత్తి మీద ఆగిపోయింది. హుసేనప్ప డెబ్బై దాటిన కమ్మరి. ఇప్పుడు కొడవళ్ళు, గుంటక పళ్ళు అన్నీ ఫ్యాక్టరీ నుంచే వస్తున్నాయి. ఈ సుత్తికి ముందు ఆయన కొలిమి ఆరు నెలలు ఆరిపోయే ఉందని బజారులో చెప్పుకుంటున్నారు.

"గోడకు తగిలించి పెడ్తరా, చేత పట్టుకుంటరా?"

"పిల్లలే తిప్పి చూపిస్తారండి. చుట్టూ జనం నిలబడి చూస్తారు."

"అయితే నూరు దెబ్బలు కొట్టి చూడాలె. వచ్చే ఆదివారం మీ ప్రిన్సిపాల్‌ను తోలుకరా."

సోమవారం పరీక్షలు మొదలయ్యాయి. మిద్దె మీద ఇటుకలు పగిలాయి. కొబ్బరికాయలు పగిలాయి. పాత బకెట్టు అప్పడమైంది. మంగళవారం మధ్యాహ్నం సత్యభామ మిద్దెక్కి చూస్తే, బియ్యం బస్తా ఒకటి కుర్చీలో కూచుని ఉంది. దాని నెత్తిన ఆమె ప్రెషర్ కుక్కరు బోర్లించి ఉంది.

"ఏందిది?"

"గుర్రపోడు."

"గుర్రపోని నెత్తిన నా కుక్కరెందుకు?"

"ఇనుప టోపీ యాడికెళ్ళి తేవాలె? ఉన్నంతల ఇదే మందం."

"పదహారేండ్ల కుక్కరు! సెయ్యి దించండి!"

"అరవై రెండు అయినయి. ఇంక ముప్పై ఎనిమిదే. నడుమ ఆపితే లెక్క పోతది."

ఆయన ఒకసారి లెక్క మొదలుపెట్టాడంటే ఆపడం ఎవరి తరమూ కాదు. పంచె ఎగగట్టి, పళ్ళు బిగించి, ఎండలో చెమటలు కారుతున్నా ఒక్కొక్క దెబ్బా లెక్కపెట్టి వేస్తున్నాడు. సత్యభామ మెట్ల మీద కూచుని, తన కుక్కరు సొట్టలు తనే లెక్కపెట్టుకుంది. డెబ్బై. ఎనభై. ఎనభై మూడో దెబ్బకు చేతిలో కర్ర మిగిలింది, తల లేదు. అది గిర్రున ఎగిరి, సత్యభామకు మూరెడు దూరంనుంచి పోయి, నీళ్ళ ట్యాంకులో దిగబడింది. ట్యాంకు పగిలి నీళ్ళన్నీ ఇద్దరి మీదా పడ్డాయి.

"దొరికింది!" అన్నాడు కేశవులు, తడిసిన కాకిలా నిలబడి.

"నేను సచ్చిపోతుంటి!"

ఆ మాటకు ఆయన మొహంలో సంబరం మాయమైంది. వచ్చి ఆమె భుజాలు పట్టుకుని ఎగాదిగా చూశాడు. ఏమీ కాలేదని తెలిశాక, ట్యాంకులోంచి సుత్తి తల తీసి, దాని కన్నంలోకి వేలు పెట్టి చూశాడు.

"ఇనుము పక్కా ఉన్నది. పిడికి పెట్టిన కామ పచ్చి తుమ్మకర్ర. మన ఎండకు ఆరి కుంచించుకపోయింది, వదులైంది. తొందరల చేసిండు ముసలోడు."

సత్యభామకు ఒళ్ళు ఆరకముందే ఇంకో భయం పట్టుకుంది. ఈయన నోరు ఊరుకోదు. ఆదివారం నాడు అందరి ముందూ "రంగేసిన డబ్బా" అన్నట్టే ఏదో ఒకటి అంటాడు. ఆ ముసలాయన మళ్ళీ కొలిమి ముట్టించడు.

"ఏమండీ, ఈ ఒక్కసారికి బాగనే ఉన్నదని చెప్పండి."

"చెప్ప. రేపు ఏ పిల్లగాని తల పలిగితే?"

"అయితే జర మెల్లగన్నా చెప్పండి."

ఆయన సుత్తి తలను సంచిలో వేసుకున్నాడు. ఇంతలో పక్కింటి జయాబాయి గోడ మీంచి తొంగిచూసి, ఏం చప్పుడని అడిగింది. "ట్యాంకు పలిగింది" అన్నాడు కేశవులు. అందులో అబద్ధం లేదు.

బుధవారం పొద్దున ఆయన సంచి భుజాన వేసుకుని బస్సెక్కి పోయాడు. ఎక్కడికంటే "పనున్నది" అన్నాడు. గురువారమూ అంతే. దుకాణం తలుపులు మూసే ఉన్నాయి. ఊరంతా తిరిగి చాటుతున్నాడేమోనని సత్యభామ భయపడింది. శుక్రవారం ఆయన వెళ్ళగానే ఆమె కూడా కొంగు బిగించింది. ఈయన నోరు మూయించలేకపోతే, ఆ ముసలాయనకు ముందే చెవిన వేయాలి. పిడుగు మీద పడబోతోందని తెలిస్తే మనిషి కనీసం పక్కకు జరుగుతాడు కదా. కల్లూరు బస్సెక్కింది.

హుసేనప్ప కొలిమి ఊరి చివర ఉంది. దూరంనుంచే చప్పుడు వినపడింది. లోపలికి తొంగిచూస్తే, హుసేనప్ప ఇనుము సాగగొట్టే దాగలి ముందు కూచుని ఉన్నాడు. తిత్తి ఊదుతున్న మనిషి మొహమంతా మసి. బనీను తప్ప పైన ఏమీ లేదు. ఆ మనిషి చెయ్యి ఆపి తిత్తిని వేలితో కొట్టి, చప్పుడు విన్నప్పుడు గానీ తన మొగుడేనని ఆమె పోల్చుకోలేదు.

"మీరా! ఈడేం చేస్తున్నరు?"

కేశవులు దొంగతనం చేస్తూ దొరికినవాడిలా లేచాడు. "నువ్వెందుకొచ్చినవ్?" అని గొణిగి, చెంబు పట్టుకుని బావి వైపు వెళ్ళిపోయాడు.

హుసేనప్ప నవ్వాడు. "కూచో తల్లీ. సావ్కార్ తన దుకాణం అడ్డగడను కోసి తెచ్చిండు. యాభై ఏండ్ల టేకు. ఎండకు రాయైపోయింది. కొత్త కామ అదే."

"దుకాణం అడ్డగడనా? అయితే తలుపులకు?"

"తాడు కట్టినా అన్నడు."

సత్యభామ నెత్తి కొట్టుకుంది. "నీ సుత్తిని ఇరగ్గొట్టిండు కదా పెద్దన్నా, నీకు కోపం రాలే?"

"ఇదేమన్న కొత్తనా తల్లీ? ముప్పై ఏండ్ల సంది ఇదే కథ. నేను చేసింది ఏదైనా పట్టుకపోతడు, ఎవరూ లేనిచోట కొట్టి చూస్తడు, ఇరిగితే సంచిల పెట్టుకోని ఈడికి తెస్తడు. 'ఈడ ఇరిగింది హుసేనప్పా' అంటడు. ఇద్దరం కూచోని బాగు చేస్తం. బజార్ల మాత్రం ఒక్క మాట బయటికి రాదు. హుసేనప్ప పని ఇరగదు అని పేరొచ్చింది నాకు. ఇరిగినవన్ని సావ్కార్ సంచిలనే ఉన్నయి."

"మరి షోరూముల, పెళ్ళిచూపుల, అందరి ముంగట…"

చేతులు కడుక్కుని వస్తున్న కేశవులుకు ఆ మాట వినపడింది. "అవి కంపెనీ సామాన్లు. కంపెనీకి సిగ్గు లేదు. బజార్ల కొట్టి చెప్పినా ఏం కాదు. చేత్తో చేసినోనికి ఇంటికి వొయ్యి చెప్పాలె. ఇంత చిన్న మాటకు బస్సు పట్టుకోని రావాల్నా?"

తిరుగు బస్సులో ఆమె ఆయన పక్క సీట్లోనే కూచుంది.

ఆదివారం ప్రిన్సిపాల్ పంపాపతి, అంబుజ, హుసేనప్ప వచ్చారు. జయాబాయితో సహా వీధిలో సగం మంది వచ్చారు. వాకిట్లో బస్తా కూచుంది, నెత్తిన కుక్కరు ఉంది. వంటింటి కిటికీ దగ్గర సత్యభామ బొరుగులతో ఉగ్గాని కలుపుతోంది. బజ్జీల మూకుడు పొయ్యి మీద ఉంది, ఆమె కళ్ళు మాత్రం వాకిట్లో ఉన్నాయి.

కేశవులు మొదలుపెట్టాడు. జనం లెక్క అందుకున్నారు. కొందరు తెలుగులో, కొందరు కన్నడంలో, జయాబాయి ఇంటాయన ఉర్దూలో. ముప్పై దాటాక ఎవరి లెక్క ఎక్కడుందో కేశవులుకూ సత్యభామకూ తప్ప ఎవరికీ తెలియలేదు. ఎనభై రెండు దగ్గర సత్యభామ గరిటె గాలిలో ఆగింది. ఎనభై మూడు. తల కదల్లేదు. తొంభై. నూరు. కుక్కరు అట్లపెనమైంది, సుత్తి మాత్రం బిగువు తగ్గలేదు. అంబుజ చప్పట్లు కొట్టింది.

పంపాపతి సుత్తిని అటూ ఇటూ తిప్పి చూశాడు. "భలే గట్టిగుంది. మొదటిసారికే ఇట్ల వచ్చిందా?"

కేశవులుకు అబద్ధం చెప్పడం రాదు, నిజం ఇక్కడ చెప్పడు. ఆయన మెడ మీద నరం ఉబ్బడం కిటికీలోంచి కూడా కనిపించింది.

హుసేనప్పే ముందుకొచ్చాడు. "లేదు సార్. మొదటిది ఇరిగింది. సావ్కార్ ఇరగ్గొట్టిండు. అందుకే రెండోది ఇరగలే."

పంపాపతి గడ్డం గోక్కుని, "అయితే మిగిలిన ఇరవైకి కూడా ఇద్దరూ కావాలన్నమాట. చేసేటాయనా, ఇరగ్గొట్టేటాయనా" అన్నాడు. హుసేనప్ప తలగుడ్డ తీసి మొహం తుడుచుకున్నాడు. కేశవులు మాత్రం ఆకాశంలోకి చూస్తూ, "ఆ ఈటెలు చేసేటప్పుడు కర్ర ముందే ఆరబెట్టాలె" అన్నాడు.

అందరికీ ఉగ్గాని, బజ్జీలు పెట్టింది సత్యభామ. పంపాపతి ఒక ముద్ద తిని, ఎందుకో ఆగి, బజ్జీ కొరుక్కున్నాడు. కేశవులు గబగబా తిని, "ఇంకింత పెట్టు. బజ్జీలు మస్తుగున్నయి" అన్నాడు. అది చూసి మిగిలినవాళ్ళూ తిన్నారు. ఆయన మూడోసారి కూడా పెట్టించుకున్నాడు.

అందరూ వెళ్ళాక కేశవులు ఖాళీ గిన్నెతో వంటింట్లోకి వచ్చాడు. వాకిలి వైపు ఒకసారి చూసి, తలుపు దగ్గరగా వేశాడు. ముప్పై ఎనిమిదేళ్ళుగా ఆయన ఇలాగే వంటింట్లోకి వచ్చి తలుపు దగ్గరగా వేస్తాడు. ముప్పై ఎనిమిదేళ్ళుగా ఆమెకు ఒళ్ళు మండుతూనే ఉంది. ఇవాళ మాత్రం ఆమె గరిటె పక్కన పెట్టి, కొంగుతో చెయ్యి తుడుచుకుని, నవ్వు దాచుకుంటూ ఆయన ఎదురుగా నిలబడింది.

"చెప్పండి. ఎక్కడ ఇరిగింది?"

కేశవులు ఆమె చెవి దగ్గరికి వంగి, గోడలకు కూడా వినపడకుండా అన్నాడు:

"ఉప్పు. అసలు వెయ్యనే లేదు."