గంపెడు మన్ను

ఎనిమిదో తరగతికి మధ్యయుగాల పాఠం చెప్పేటప్పుడు బోర్డు మధ్యలో నిలువుగా గీత గీస్తాను. ఎడమవైపు ఆనాడు, కుడివైపు ఈనాడు. ఎడ్లబండికి ఎదురుగా బస్సు, ఆముదపు దీపానికి ఎదురుగా కరెంటు, దండోరాకు ఎదురుగా ఫోను. మా హిందూపురం బడిలో ఎప్పుడూ కుడివైపే గెలుస్తుంది. నాకూ అందులో అనుమానం ఉండేది కాదు. ఆనాడైతే నా చేతికి సుద్దముక్క ఇచ్చేదెవరు? మా ఇంట్లో నాకు ముందు ఏ ఆడదీ సంతకం పెట్టి ఎరగదు.

మా ఊరినుంచి చూస్తే పెనుకొండ కోట కనిపిస్తుంది. ఊరి చెరువు రాయల కాలంనాటిదంటారు. తూము పక్కన అక్షరాలు అరిగిపోయిన రాయొకటి ఉంది, దాన్ని చదవగలిగినవాళ్ళు నాకు తగల్లేదు. మా అవ్వ మాత్రం వాళ్ళ పెద్దల మాటగా చెప్పేది. వానలకు ముందు దండోరా వేస్తే ఇంటికొక మనిషి గంపెడు మన్ను తెచ్చి కట్టమీద పొయ్యాల్సిందేనట. సాయిబులైనా రెడ్లయినా ఒకటే.

"పొయ్యకుంటే అవ్వా?"

"ఈపు పగుల్తాది, ఇంగేముండాది!" అని నవ్వేది. అది వెట్టిచాకిరీ కాదా అని నాకు ఒళ్ళు మండేది.

నాయనకు ఆ చెరువు కింద రెండెకరాలు. అదే ఆయన ఆస్తి, ఆయన లోకం. చెరువు ఏళ్ళ తరబడి ఎండిపోయి, కట్టంతా కంపచెట్లు మొలిచాయి. అలాంటిది పోయిన ఏడాది వానలు విడవకుండా కొట్టి చెరువు నిండింది. మాది సాయిబుల ఇల్లే అయినా గంగమ్మకు మొదటి టెంకాయ నాయనే కొట్టాడు.

మర్నాడు ఫోన్లో ఆయన గొంతు మారిపోయింది. "కట్టకు ఎండ్రకాయ బొక్క పడిందిమ్మా. నీళ్ళు అవతలికి కారతాండాయి. లోపలి పక్క కంప, మన్ను ఏసి తొక్కితే నిలస్తాది. తెగిందా, మన భూమి ఇసకపాలే. ఇంటికొకరు రాండప్పా అని అడిగొస్తా."

ఊరంతా తిరిగాడు. ఒకాయన ఆన్‌లైన్లో కంప్లైంటు పెట్టానని, నంబరు కూడా వచ్చిందని చూపించాడు. ఒక ఇంట్లో కొడుకులిద్దరూ ధర్మవరంలో మగ్గాల దగ్గర ఉన్నారు. "జేసీబీ వస్తాదంట కదన్నా, ఈ కాలంలో గంపలేంది?" అంది ఇంకొకామె. "మాకు బోరుండాది, చెరువుతో పనేముండాదప్పా?" అన్నవాడూ ఉన్నాడు. వాళ్ళెవరూ చెడ్డవాళ్ళు కాదు. నాయనకు కాఫీ ఇచ్చి మరీ పంపించారు. నేనూ ఆఫీసులకు ఫోన్లు చేశాను. ఎత్తినవాళ్ళు చూస్తామన్నారు. జేసీబీ రాలేదు. నాయన ఒక్కడే గంప ఎత్తుకున్నాడు.

ఆ తర్వాతి రోజు బడికి బయలుదేరుతుంటే ఊరి గ్రూపులో వీడియో వచ్చింది. కట్ట పెళ్ళలు పెళ్ళలుగా విరిగి పడుతోంది. ఎర్రనీళ్ళు మడికయ్యల మీద పడి దొర్లుతున్నాయి. కట్టకు అటూ ఇటూ ఊరంతా నిలబడింది. ఇంటికొకరు కాదు, ఇంటికి నలుగురు. అందరి చేతులూ పైకి లేచి ఉన్నాయి, అన్నిట్లోనూ ఫోన్లే.

మా భూమి మీద ఇసుక మేట వేసింది. గట్టేదో కయ్యేదో గుర్తు దొరకదు. నాయన ఇప్పుడు హిందూపురంలో నా దగ్గరే ఉంటున్నాడు. వాన పడితే లేచి వెళ్ళి కిటికీ మూసేస్తాడు.

ఆ కాలానికి తిరిగి పోదామని నేననను. అక్కడ కొరడా ఉంది. కొరడా పోతే మనుషులు తమంతట తామే వస్తారని ఇన్నేళ్ళూ పిల్లలకు నమ్మకంగా చెప్పాను. ఎవరూ రాలేదు. ఇప్పుడు బోర్డు మీద గీత గీస్తే చాలు, కుడివైపు రాయడానికి నాకు చెయ్యాడటం లేదు.

ఆ వీడియో ఇంకా నా ఫోన్లో ఉంది. తీసేద్దామనుకుంటాను, చేతకాదు. అంతమందిలో తలమీద గంప ఉన్న మనిషి ఒక్కడే కనిపిస్తాడు. తడిసిన లుంగీ ఎగ్గట్టుకుని గండి వైపు నడుస్తుంటాడు. అంతలో వీడియో తీస్తున్నవాడి గొంతు వినిపిస్తుంది.

"ఏమప్పా, రోంత పక్కకు జరుగు. అడ్డమొస్తాండావు."

నాయన పక్కకు జరుగుతాడు.