ప్లీహం లేని తమ్ముడు

జనగామలో ఇంటర్ పిల్లలకు జువాలజీ చెప్పడం నా బతుకుదెరువు. రోగనిరోధక వ్యవస్థ పాఠం ఏటా చెప్తాను. చర్మం మొదటి గోడ. అది దాటి వచ్చిన క్రిములను తెల్ల రక్తకణాలు ఎదుర్కొంటాయి. అవి ఎముకల మూలుగలో పుడతాయి. వాటిలో కొన్ని గుండెకు పైనున్న థైమస్ గ్రంథికి పోయి, మనవాడెవడో పరాయివాడెవడో గుర్తుపట్టడం నేర్చుకుంటాయి. ఆ తర్వాత లింఫు గ్రంథుల్లో, ప్లీహంలో కాపలా ఉంటాయి. కాలికి పుండైతే గజ్జల్లో బిళ్ళ కడుతుంది కదా, అది ఆ కాపలావాళ్ళు పనిలోకి దిగిన గుర్తు. పిల్లలు మార్కుల కోసం గబగబా రాసుకుంటారు. ప్లీహం దగ్గరికి వచ్చేసరికి నాకు కోపమొస్తుంది.

మాది గార్లలో కిరాణా వ్యాపారం చేసే కుటుంబం. దుకాణం బాపుది, నడిపేది తమ్ముడు. ఒకనాడు వాడు పేర్చిన బియ్యం బస్తాల మీంచి జారి ఎడమవైపు పక్కటెముకల మీద పడ్డాడు. లోపల ప్లీహం చితికింది. వరంగల్‌లో ఆపరేషన్ చేసి దాన్ని తీసేస్తేగానీ ప్రాణం నిలబడలేదు.

ఇంటికి పంపేముందు డాక్టరు మమ్మల్నందరినీ కూర్చోబెట్టాడు. ప్లీహం రక్తానికి జల్లెడలాంటిదన్నాడు. జిగురు పొర కప్పుకుని తిరిగే కొన్ని క్రిములను పట్టుకోవడంలో దాని తర్వాతే ఏదైనా. అది లేకున్నా మనిషి బతకొచ్చు, కానీ జ్వరమొస్తే అదే పూట దవాఖానకు రావాలి, తెల్లారేదాకా ఆగొద్దు అన్నాడు. బాపు బుద్ధిగా తల ఊపాడు. టీకాలు నేనే దగ్గరుండి వేయించాను.

"పిల్లలకేసే సూదులు గింత మొగోనికెందుకు బిడ్డా" అని బాపు నవ్వాడు.

టీకాలు అన్ని క్రిములనూ ఆపలేవని, జ్వరం మాట మరవొద్దని మళ్ళీ చెప్పాను. తమ్ముడు కోలుకుని దుకాణంలో కూర్చున్నాడు. నేను ఇంటికి పోయినప్పుడల్లా "అక్కా, నీ పాఠంల నాకొక పేజీ తక్కువ" అని ఆటపట్టించేవాడు.

ఒక మంగళవారం పొద్దున్నే మరదలు ఫోన్ చేసింది.

"వదినా, ఆయనకు తెల్లారుజాము నుంచి జరం. దుప్పట్లు కప్పినా వణుకుతుండు."

"ఇప్పుడే మహబూబాబాద్ తీస్కపో" అన్నాను. ఇంతలో బాపు ఫోన్ అందుకున్నాడు.

"ఇయ్యాల మంగళారం బిడ్డా. మంగళారం దవాఖాన మెట్లెక్కితే మళ్ళ మళ్ళ ఎక్కాల్సొస్తది. గోలి ఏసినం. రేపు పొద్దుగాలనే పోతం."

"డాక్టరు చెప్పింది మర్చిపోయినవా బాపూ?"

"మర్వలే. ఒక్క రోజుల ఏమైతది?"

మా ఇంట్లో మంగళవారం గోళ్ళు తీయరు, అప్పివ్వరు, ఆడపిల్లను సాగనంపరు. దుకాణం మాత్రం మూయరు. గిరాకీకి ఏ వారమైనా మంచిదే. దొరికిన మొదటి రైలెక్కాను. దారంతా బాపుకు ఫోన్ చేస్తూనే ఉన్నాను, ఎత్తలేదు.

నేను పోయేసరికి తమ్ముడు వెనక గదిలో మంచం మీద ఉన్నాడు. బాపు నన్ను చూడగానే "పట్టి సూడు, జరం దిగింది" అన్నాడు. పట్టి చూశాను. చేతులు చల్లగా ఉన్నాయి. వేళ్ళ కొసలు నేరేడు పండు రంగుకు తిరిగాయి. అది జ్వరం దిగడం కాదు, క్రిములు రక్తమంతా కమ్మేసి ఒళ్ళు చేతులెత్తేయడం. నేనూ మరదలూ చెరో రెక్క పట్టి వాణ్ణి కిరాయి కారెక్కించాం. బాపు అడ్డం రాలేదు, వెంటా రాలేదు.

"బాపుకు కోపమొస్తది అక్కా. రేపు పోదామంటే ఇనవా" అన్నాడు తమ్ముడు. వాడు నాతో అన్న ఆఖరి మాట అదే. అంత తెలివైనవాడు, ఆ మాట అంటూ పోయాడంటే ఇప్పటికీ కడుపు మండుతుంది.

దవాఖానలో వాళ్ళు చేయగలిగిందంతా చేశారు. మధ్యాహ్నానికి ప్రాణం పోయింది.

పొద్దుండగానే శవాన్ని ఇంటికి తెచ్చాం. ఏడుపుల మధ్యే మా చిన్నాయన బాపు దగ్గరికి వచ్చి, "అన్నా, మంగళారం పోయినోడు తోడు అడుగుతడు. శాంతి చెయ్యాలె" అన్నాడు. ఆ మాటతో బాపు కళ్ళు తుడుచుకుని లేచాడు. పాడెకు కట్టడానికి బూడిద గుమ్మడికాయ కోసం ఒకరిని బజారుకు ఉరికించాడు. నల్ల నువ్వులు, ఇనుప మేకులు దుకాణంలోంచి తానే తెచ్చాడు. గడపకు మేకులు కొట్టించాడు. పిల్లలందరి నుదుట నల్లబొట్టు పెట్టించాడు.

నేను గోడకానుకుని చూస్తూ నిలబడ్డాను. ఇంటిని కాపాడుకోవడం మావాళ్ళకు చేతకాదని అప్పటిదాకా అనుకున్నాను. బాగా చేతనవును. నా తమ్ముడి నుంచి కాపాడుకోవాల్సి వచ్చేసరికి, రేపు చూద్దామని ఒక్కరూ అనలేదు.