గాలిపటం బండికి రెండు చెంబుల నీళ్ళు

రెండు చెంబుల నీళ్ళు. ఇన్నేళ్ళుగా నేను మోస్తున్నది అంతే. రెండు చెంబుల నీళ్ళు ఏపాటి బరువుంటాయని మీరు అడగొచ్చు. నేను ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పినవాణ్ణి. బరువులు కొలవడం నాకు వచ్చు. దీన్ని మాత్రం కొలవలేకపోయాను.

నా మీద జాలిపడే ఉద్దేశం ఉంటే ఇక్కడితో ఆపేయండి. నాకు జాలి గిట్టదు. మనుషులే పెద్దగా గిట్టరు, అందులోనూ అందరికంటే తక్కువగా గిట్టేవాణ్ణి నేనే. ఇది వినయంతో అంటున్న మాట కాదు. చివరిదాకా చదివితే మీకే తెలుస్తుంది.

కొల్లేట్లో చేపల చెరువుల గట్లు కొట్టేసిన మరుసటి వేసవి. అప్పుడు నేను వట్లూరు వైపు ఒక ప్రైవేటు కాలేజీలో మెకానికల్ లెక్చరర్ని. మా ఛైర్మన్ రైసుమిల్లు నడుపుతూ నడుపుతూ కాలేజీ పెట్టినాయన. ధాన్యానికీ విద్యార్థికీ తేడా ఆయనకు చివరిదాకా తెలియలేదు. ఆయన ఒకరోజు టీవీలో ఏదో ఎడారిలో గాలిపటం లాగే బండిని చూశాడు. తెల్లారేసరికి మన కాలేజీ కూడా చేయాలన్నాడు. మేమంతా అద్భుతం సార్ అన్నాం. నేను అందరికంటే ముందు అన్నాను.

ఆ బండికి మూడు చక్రాలు. ఇంజనూ ఉండదు, తొక్కే పెడళ్ళూ ఉండవు. నేలకు జానెడు ఎత్తులో కూర్చోవాలి. చేతుల్లో తాళ్ళు, వాటి చివర రెండు దుప్పట్లంత గాలిపటం. గాలి పటాన్ని లాగుతుంది, పటం బండిని లాగుతుంది. కాళ్ళతో ముందు చక్రం తిప్పుకోవాలి. దానికి చెట్టూ పుట్టా లేని చదును నేల కావాలి. గట్లు పోయి, నీళ్ళు వెనక్కి తగ్గాక, కొల్లేటి అడుగు ఆ వేసవిలో అలాగే ఉంది. మధ్యాహ్నం దాటితే సముద్రం వైపు నుంచి పైరగాలి ఎలాగూ ఉంటుంది.

రెండు నమూనాలు చేయాలి, నెల్లాళ్ళు నడపాలి, ఏది ఎక్కువ మన్నిందో నేను రిపోర్టు రాయాలి. ఒక నమూనా నాది. రెండోది మా వర్క్‌షాప్ ఇన్‌స్ట్రక్టర్ దానియేలుది. పోటీపడేవాడే తీర్పు కూడా రాయడం ఎవరికీ వింతగా తోచలేదు. మా కాలేజీలో అది వింత కాదు.

దానియేలుది తాడేపల్లిగూడెం. రోజూ పాసింజరు రైల్లో వచ్చి వెళ్ళేవాడు. చదివింది ఐటీఐ. నాకంటే పదిహేనేళ్ళు పెద్ద. ఆయన నన్ను అండీ అనకుండా ఒక్క మాట మాట్లాడి ఎరగడు. నేను ఆయన్ని దానియేలూ, నువ్వు అని పిలిచేవాణ్ణి. మా వైపు పెద్దవాణ్ణి ఎవరూ అలా పిలవరు. ఇంట్లో మా అమ్మ వింటే చెంప పగలగొట్టేది. కాలేజీలో మాత్రం నా డిగ్రీ నాకు ఆ హక్కు ఇచ్చిందనుకున్నాను.

నా బండి చూడ్డానికి బాగుండేది, కాదనను. ఏలూరులో ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని విదేశీ బొమ్మలు ప్రింటు తీసుకుని గీసిన డిజైను. స్టెయిన్‌లెస్ స్టీలు పైపు, అతుకులన్నీ వెల్డింగ్, స్కూటరు చక్రాలు, ప్లాస్టిక్ కుర్చీ కోసి చేసిన సీటు. తళతళ మెరిసేది. ఛైర్మన్ దాని పక్కన నిలబడి ఫొటో దిగాడు. దానియేలు బండి పక్కన ఎవరూ దిగలేదు. పాత నీళ్ళ పైపులు, రిక్షా ఇరుసు, నవారు అల్లిన సీటు. పైగా ఇరుసుని చట్రానికి వెల్డింగ్ చేయలేదు, కట్టాడు. జనపనార తాడుతో, తడిపి, ఎనిమిది చోట్ల.

ఆయన తండ్రి కొల్లేటి లంకల్లో తాటిమాను తొలిచి చేసే తాటిదోనెలు కట్టేవాడట. రెండు దోనెల్ని జతచేసి నారతాడుతో బిగించి కట్టడం ఆ ఇంటి పని. ఆ కట్టుకి ఒక పద్ధతి ఉంది. పనిలోకి దించే ముందు నీళ్ళు పొయ్యాలి. తడిస్తే నార ఉబ్బి కట్టు బిగుస్తుంది. దోనె నీళ్ళలోనే ఉంటుంది కాబట్టి దానికి చింత లేదు. బండి ఎండలో ఉంటుంది కాబట్టి నడిపే రోజున గంట ముందు రెండు చెంబులు పొయ్యాలి. పోసి నానబెట్టాక బొటనవేలితో ప్రతి కట్టూ నొక్కి చూసేవాడు. వేలు దిగకపోతేనే ఎక్కేవాడు.

విద్యార్థుల ముందు నేను నవ్వాను. మంచం నేశావా, బండి చేశావా అన్నాను. వాళ్ళూ నవ్వారు. మార్కులు నా చేతిలో ఉన్నాయి మరి. ఆయన కూడా నవ్వాడు, అది నాకు ఇంకా మండింది.

మొదటి వారంలోనే నా వెల్డింగ్ పగిలింది. ఎండిన కొల్లేటి అడుగు రోడ్డులా ఉండదు. అడుగడుగునా నెర్రెలు, గేదెల గిట్టలు దిగి గట్టిపడిన గుంటలు. బిగువుగా ఉన్న నా చట్రం ప్రతి కుదుపునీ అతుకుల్లోకి పంపేది. అతికించి తెచ్చాను. మళ్ళీ పగిలింది. మందంగా అతికించాను. ఈసారి అతుకు నిలిచి పక్కనున్న పైపు చీలింది. దానియేలు బండి కిర్రుకిర్రుమంటూ, వదులు మంచంలా ఊగుతూ తిరిగేది. ఇరుసు కొంచెం కదిలి మళ్ళీ సర్దుకునేది. నెల చివరికి దానిలో మారింది ఒక ట్యూబు మాత్రమే.

అప్పుడు రాయాల్సింది ఏమిటో నాకు తెలుసు. రిపోర్టులో రెండు వాక్యాలు చాలు. కానీ ఆ రిపోర్టు ఒక సెమినార్‌కి వెళ్తుంది, నాకు హెచ్ఓడీ కుర్చీ ఇస్తానని ఛైర్మన్ మాటిచ్చాడు. అసలు కారణం కుర్చీయేనా అని చాలాసార్లు నన్ను నేను అడిగాను. కుర్చీయే అయితే బాగుండును. ఆశపడినవాణ్ణని చెప్పుకుని తప్పించుకోవచ్చు. కాదు. ఐటీఐ చదివినవాడు ఇంజనీరింగ్ చదివినవాడి కంటే సరిగ్గా ఆలోచించాడు, దాన్ని ఒక్కసారి కూడా ఎత్తిచూపలేదు. ఎత్తిచూపి ఉంటే కొట్లాడేవాణ్ణి. ఆ మర్యాదని భరించలేకపోయాను.

చివరి ప్రదర్శనకి ఛైర్మన్ పెట్టిన రోజు ఈస్టరు ఆదివారం. క్యాలెండరు చూసే ఓపిక ఆయనకు ఎప్పుడూ లేదు. శనివారం సాయంత్రం దానియేలు నా దగ్గరికి వచ్చాడు. రేపు గుడిలో ఈస్టరు ఆరాధన అయ్యాక నేరుగా వచ్చేస్తానండి, రెండింటికల్లా ఉంటాను, ఒంటిగంటకి కట్లకి రెండు చెంబులు నీళ్ళు పోయించండి సార్, పిల్లలకి చెబితే మరిచిపోతారు, మీరు చూసుకోండి అన్నాడు. తన బండిని నాకు అప్పజెప్పాడు. అంతమందిలో నన్నే నమ్మాడు.

ఆదివారం ఒంటిగంటకి నేను బండి దగ్గరే ఉన్నాను. చెంబు ఉంది, క్యానులో నీళ్ళు ఉన్నాయి. ఎండ మాడ్చేస్తోంది. చెంబు ముంచాను. మొహం కడుక్కున్నాను. రెండోసారి ముంచి కాళ్ళు కడుక్కున్నాను. తర్వాత గొడుగు కిందకి వెళ్ళి కూర్చున్నాను. మరిచిపోయాను అని మీకు చెప్పొచ్చు. నాకే చాలా ఏళ్ళు చెప్పుకున్నాను. మరిచిపోయినవాడు మాటిమాటికీ ఆ కట్ల వైపు చూడడు కదా.

ఆయన రెండున్నరకి వచ్చాడు. తెల్లచొక్కా, చెమట. అతిథులు అప్పటికే కుర్చీల్లో ఉన్నారు. తిన్నగా నా దగ్గరికి వచ్చాడు.

“నీళ్ళు పోశారాండీ?”

“పోశాను.”

“రెండు చెంబులూనాండీ?”

“చెప్పాను కదా, పోశాను.”

నా గొంతులో విసుగు ఉంది. అది విని ఆయన కొంచెం నొచ్చుకున్నాడు, తను అనవసరంగా రెండోసారి అడిగినట్టు. వంగి కట్టు మీదికి బొటనవేలు తీసుకెళ్ళాడు. తాకకుండానే వెనక్కి తీసుకున్నాడు. నా ఎదురుగా నొక్కి చూస్తే నా మాట నమ్మనట్టవుతుంది. సార్ పోశానన్నాక ఇంకా చూడడమేమిటి. మా గోదావరి మర్యాద ఇది. ఊరంతా దీన్ని గొప్పగా చెప్పుకుంటుంది. ఆ బొటనవేలు అంగుళం దూరంలో ఆగిపోవడం నేను కళ్ళారా చూశాను. అప్పుడైనా నోరు తెరవొచ్చు. ఆగండి అంటే చాలు. అనలేదు.

పటం లేచింది. బండి కదిలింది, వేగం అందుకుంది, జనం చప్పట్లు కొట్టారు. రెండో మలుపులో వెనక ఇరుసు పక్కకి జారింది. బండి ఒరిగి, చక్రం ఆయన ఎడమ మోకాలి మీదికి వచ్చింది. పటం లాగుతూనే ఉంది. తాళ్ళు వదిలేసేలోపు ఆ నెర్రెల మీద చాలా దూరం ఈడ్చుకుపోయింది.

అందరూ ఆయన వైపు పరిగెత్తారు. నేను నీళ్ళ క్యాను పట్టుకుని పరిగెత్తాను. పడినవాడికి నీళ్ళు తీసుకెళ్తున్నాననుకున్నారు. నేను ముందు బండి దగ్గర ఆగాను. ఎవరూ చూడకుండా ఎనిమిది కట్ల మీదా పోశాను. మిగిలినవి ఆయనకు తాగడానికి ఇచ్చాను. దండం పెట్టి తాగాడు.

ఇది ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. నీళ్ళు పోయకపోవడం ఒక తప్పు. తర్వాత పోయడం దానికంటే నీచమైన తప్పు. ఎందుకంటే ఛైర్మనూ ఇతరులూ వచ్చి చూసేసరికి కట్లు తడిగా ఉన్నాయి.

ఏలూరు ఆస్పత్రిలో రెండో రోజు చూడ్డానికి వెళ్ళాను. కాలు కట్టు కట్టి పైకి వేలాడదీశారు. నన్ను చూసి లేవబోయాడు. మళ్ళీ పడుకుని మెల్లగా అన్నాడు, “తడిపినా జారిందంటే మా నాన్న చెప్పిందే తప్పేమోనండి. ఇన్నాళ్ళూ అదే నిజమనుకున్నాను.” నొప్పి గురించి ఒక్క మాట లేదు. నేను మంచం పక్కన బత్తాయిలు పెట్టి, నార పాతదయ్యుంటుందిలే అన్నాను. కాదండీ, కొత్త నారేనండి అన్నాడు. నేను టైము చూసుకుని వచ్చేశాను.

రిపోర్టు రాశాను. తాటిదోనె కట్టు వంటి సంప్రదాయ పద్ధతులు వేగంగా నడిచే వాహనాలకు నమ్మదగినవి కావు అని రాశాను. నా వెల్డింగ్ పగుళ్ళని ‘స్వల్ప మరమ్మతులు’ అన్నాను. సెమినార్‌లో అందరూ తల ఊపారు. ఒక్కడు కూడా ఒక్క ప్రశ్న వేయలేదు, అంతమంది పీహెచ్‌డీల్లో. వాళ్ళని చూస్తే నాకు అసహ్యం వేసింది. వాళ్ళకంటే నేనేం మేలు? నాకు కుర్చీ వచ్చింది. దానియేలుని రెస్టు తీసుకోమన్నారు. తర్వాత మళ్ళీ రమ్మని ఎవరూ పిలవలేదు.

రెండేళ్ళ తర్వాత పెళ్ళికని తాడేపల్లిగూడెం వెళ్ళాను. ఉల్లిపాయల మార్కెట్ దగ్గర ఒక వెల్డింగ్ షాపు ముందు ఆయన కనిపించాడు. కాలు ఈడుస్తున్నాడు. రండి సార్ అని స్టూలు తుడిచి కూర్చోబెట్టి టీ తెప్పించాడు. అప్పుడే బస్తాలు మోసే ముఠా కూలీ ఒకడు తోపుడుబండి తోసుకుంటూ వచ్చాడు. ఇరుసు అతికిస్తే నెలకోసారి విరుగుతోంది, మీరు ఇదివరకు కట్టేవారే, మీ నాన్నగారి కట్టు, అలా తాడుతో కట్టిపెట్టండి అన్నాడు. దానియేలు తల అడ్డంగా ఊపాడు.

“ఆ కట్టు ఇప్పుడు కట్టట్లేదండి. నమ్మలేం. ఇదిగో, సార్ గారి ఎదురుగానే తేలిపోయింది. ఏవండీ?”

నా వైపు చూశాడు. టీ గ్లాసు నా నోటి దగ్గర ఉంది. నేను తల ఊపాను. అవును అన్నట్టే ఊపాను. ఆయన ముసుగు దించుకుని, ఆ ఇరుసుని మళ్ళీ అతికించడం మొదలుపెట్టాడు. అది నెలలో మళ్ళీ విరుగుతుందని అక్కడున్న ముగ్గురికీ తెలుసు. తాడు కట్టు నిలుస్తుందని తెలియకుండా చేసింది ఒక్క దానియేలుకే.

ఒక మనిషి కాలు విరగ్గొట్టానని మాత్రమే అయితే ఇంతకాలం మోసేవాణ్ణి కానేమో. కాళ్ళు అతుక్కుంటాయి. ఆయన చేతుల్లోంచి తండ్రి పని తీసేశాను. తప్పు తన పనిదేనని ఆయన్నే నమ్మించాను.

ఇది రాస్తే ఆయన క్షమిస్తాడని కాదు. క్షమిస్తాడు, అది నాకు తెలుసు. స్టూలు తుడిచి కూర్చోబెట్టి మరీ క్షమిస్తాడు, అందుకే ఎదురుగా వెళ్ళి చెప్పలేకపోతున్నాను. నాకు ఆ క్షమ వద్దు. చెప్పాల్సిన మాట మాత్రం ఎక్కడో ఒకచోట ఉండాలి. నీళ్ళు పోశారా అని ఆ రోజు మీరు రెండుసార్లు అడిగారు. మూడోసారి అడిగారనుకుని చెబుతున్నాను.

పోయలేదు, దానియేలు గారూ. కట్లు పొడిగా ఉన్నాయి. మీ నాన్నగారు చెప్పింది నిజమేనండి.