యముడి దిక్కు చూపిన గుడ్డ సంచి

ఆళ్లగడ్డ దగ్గర మా బడి మైదానంలో, ఎన్నికల సభకు వచ్చే నాయకుడి కోసం హెలిప్యాడ్ వేశారు. గాలి ఎటు వీస్తోందో పైలట్‌కు చూపే గుడ్డ సంచిని కర్రకు కట్టారు. ఉత్తరపు గాలికి అది దక్షిణానికి ఊగుతోంది. హెలికాప్టర్ శబ్దం విని సైన్స్ టీచరునైన నేను బయటికొస్తే, సంచి కొసకు తాడు కట్టి తూర్పుకు లాగి ఉంచారు!

"ఏందప్పా ఇది?"

"దక్షిణానికి తిరిగి యముని దిక్కు చూపిస్తాండె సార్, అందుకే తిప్పి కట్టినాం. అన్న దిగేటప్పుడు అపశకునం గదా!" అన్నాడు సభ నిర్వాహకుడు.

"గాలి తప్పుగా చూపిస్తే కూలి చస్తారు!" అంటూ పరుగెత్తి తాడు కోసేశాను. పైలట్ దిశ మార్చుకుని క్షేమంగా దిగాడు.

ఆ ఎన్నికల్లో నాయకుడు ఓడిపోయాడు. "నువ్వు తాడు కోసినందుకే" అని నిర్వాహకుడు నేటికీ తిడతాడు. ప్రాణాలతో దిగిన మనుషులు అతనికి కనిపించలేదు.